మాత్ర మింగాక నిరాహార దీక్ష

మాత్ర గొంతు దిగింది. ఇక రమ్మన్నా వెనక్కి రాదు.

నిప్పన్న కుళాయి కట్టేసి, మూతి తుడుచుకుని, అద్దంలో చూసుకున్నాడు. మీసం నిటారుగానే ఉంది. మాత్రల అట్ట చప్పుడు కాకుండా చేతిరుమాలులో చుట్టి లోపలి జేబులోకి తోశాడు. ఈ పనిలో ఆయన చెయ్యి బాగా తిరిగింది. ఏడాదిగా ఈ ఫ్యాక్టరీలో రోజూ మధ్యాహ్నం ఒక మాత్ర మింగుతున్నాడు. చీమకు కూడా తెలియదు.

భోజనం సిద్ధంగా ఉందని రూఢి చేసుకున్నాకే మింగాడు. వరండా చివర మేనేజరు గదిలో, చర్చలు జరుగుతున్న బల్ల మీద, పొగలు కక్కే అన్నం, రెండు కూరలు, ఉడికించిన గుడ్లు, గిన్నెడు పెరుగు. క్యాంటీన్ అక్క మూతలు తీస్తుంటే కళ్ళారా చూసి, "చేతులు కడుక్కొస్తా" అని లేచి వచ్చాడు.

డాక్టరు ఆ మాత్ర ఇచ్చేటప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"తినబోయే ముందు వేసుకో. తినని పూట వేసుకోకు. వేసుకున్నావంటే మాత్రం తిని తీరాలి. ఇదొక చీపురనుకో. భోజనం వస్తోందని ఒంట్లో ఉన్న చక్కెరంతా ఊడ్చిపెడుతుంది. భోజనం రాలేదనుకో, ఊడ్చి ఊడ్చి చివరికి నిన్నే గుమ్మం అవతల పారేస్తుంది."

"ఎంతసేపు ఆగుతుంది సార్?"

"అరగంటలోపు కంచం ముందు కూర్చోవాలి. బేరాలేం లేవు."

యూనియన్ ప్రెసిడెంటుగా నిప్పన్న బేరం ఆడలేనిది ఆ ఒక్క దానితోనే.

ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో రొట్టెలు కాల్చే పెద్ద భట్టీ ఆయన చేతికింద ఉంది. పగలంతా నిప్పు దగ్గర ఉంటాడు, మీటింగుల్లో నిప్పులు కురిపిస్తాడు. అందుకే నిప్పన్న. ఆయనకు మేనేజర్లంటే భయం లేదు. లాయరు నోటీసులొస్తే మడతపెట్టి టీ గ్లాసు కింద పెట్టుకుంటాడు. భయమల్లా పిండి బస్తాల గోడౌనంటేనే. షుగరున్న మనిషిని భట్టీ దగ్గర ఉంచకూడదని, గోడౌనుకు మార్చాలని కంపెనీ రూలు. కళ్ళు తిరిగి నిప్పులో పడితే పూచీ ఎవరిదని. గోడౌనులో నిప్పు లేదు, జనం లేరు. ఎలకలున్నాయి. ఎలకలకు ఉపన్యాసం ఇస్తున్నట్టు నిప్పన్నకు ఒకసారి కల వచ్చింది. ఎలకలు చప్పట్లు కొట్టలేదు.

అందుకని ఫ్యాక్టరీలో మాత్ర సంగతి ఆయనకు, ఆయన భార్యకు తప్ప మూడో మనిషికి తెలియదు.

పాత రోజుల్లో అయితే ఇబ్బంది ఉండేది కాదు. మధ్యాహ్నం బెల్లు మోగేది, రొట్టెల లైను ఆగేది, అందరూ డబ్బాలు విప్పేవాళ్ళు. కొత్త మేనేజరు వస్తూనే బెల్లు పీకించేశాడు. లైను ఎప్పుడు ఖాళీ దొరికితే అప్పుడు తినమన్నాడు. లైను ఎప్పుడు ఖాళీ అవుతుందో లైనుకే తెలియదు. అందరికీ అది ఆకలి బాధ. నిప్పన్నకు ప్రాణసంకటం. చేతులు కడుక్కుని మాత్ర మింగేవాడు. అంతలో "లైను కదిలింది, రండ్రా" అని కేక. భట్టీ చాటుకెళ్ళి, అప్పుడే దిగిన బన్ను నోట్లో కుక్కుకునేవాడు. ఒకసారి నాలుక బొబ్బలెక్కి మీటింగులో నోరు విప్పలేకపోయాడు. "అన్న మౌన పోరాటం చేస్తున్నాడు" అని మైకు ప్రకటించాడు.

మైకంటే యూనియన్ సెక్రటరీ. గుండె మంచిది, గొంతు ఇంకా మంచిది. రెంటి మధ్యలో ఉండాల్సిన తల ఒక్కటే ఎప్పుడూ ఖాళీ దొరకదు. నిప్పన్నంటే ప్రాణం పెడతాడు. ఆ పెట్టే ప్రాణం ఎవరిదన్నదే పేచీ.

ఇవాళ చర్చల్లో ఉన్నది ఒకే డిమాండు. బెల్లు. పొద్దుటి నుంచి మాటలు సాఫీగా సాగాయి. మేనేజరు మెత్తబడ్డాడు. "ముందు భోంచేద్దాం, తిన్నాక తేల్చేద్దాం" అన్నాడు. ఆయన నోట అంత మంచి మాట నిప్పన్న ఎన్నడూ వినలేదు.

బాత్రూము తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాడు. క్యాంటీన్ అక్క ఎదురైంది. చేతిలో గుడ్ల పళ్ళెం. గుడ్లు రావలసిన దిక్కున కాక పోకూడని దిక్కున పోతున్నాయి.

"అక్కా, ఎటు?"

"వెనక్కి తీసుకుపొమ్మన్నారు. నువ్వు ఇక తినవంటగా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావంట."

నిప్పన్న గుడ్ల వైపు చూశాడు. నున్నగా, తెల్లగా, పైన రవ్వంత ఉప్పుతో ఉన్నాయి. చెయ్యి చాపబోయాడు. సరిగ్గా అప్పుడే గది తలుపు తెరుచుకుంది, మైకు వచ్చి గట్టిగా కావలించుకున్నాడు. ఆ కౌగిలి విడిపించుకునేలోపు గుడ్లు మెట్లు దిగిపోయాయి.

"చెప్పేశానన్నా," అన్నాడు మైకు. కళ్ళల్లో నీళ్ళు.

"ఏం చెప్పావురా?"

"నీ మనసులో మాట."

"నా మనసులో ఇప్పుడు ఏముందో నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటన్నా. పోయిన మీటింగులో నువ్వే కదా అన్నావు, బెల్లు కోసం పస్తులైనా ఉంటానని."

అన్నాడు, నిజమే. ఆ రోజు పీకల దాకా తిని ఉన్నాడు. పస్తుల గురించి గొప్పగా మాట్లాడటానికి అదే సరైన సమయం.

లోపల మేనేజరు ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నేనన్నదేంటయ్యా," అన్నాడు నిప్పన్నను చూసి. "గంట ఆలస్యంగా తింటే ప్రాణం పోతుందా అన్నాను. మాటవరసకి అన్నాను. దానికి మీవాడు ఇంత ఎత్తున లేచాడు."

"గంట కాదు సార్," అన్నాడు మైకు. "అన్న ఈ నిమిషం నుంచి మెతుకు ముట్టడు. బెల్లు మోగేదాకా. అంతే."

"మైకూ, ఒకసారి పక్కకి రా," అన్నాడు నిప్పన్న. మూల బీరువా దగ్గరికి లాక్కెళ్ళి చెవిలో గొణిగాడు. "మంచి ఆలోచనే తమ్ముడూ. కాకపోతే రేపు మొదలెడదాం. దీక్షకు కూర్చునే ముందు కడుపు నిండా తినాలి. అది పద్ధతి."

మైకు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ టైములో కూడా జోకులేంటన్నా నువ్వు."

"జోకు కాదురా. ఇంకా ఎవరికీ చెప్పలేదుగా?"

మైకు వెళ్ళి కిటికీ తెరిచాడు. కింద ఆవరణలో నాలుగు వందల మంది. అందరి తలలూ పైకే ఉన్నాయి. "నిప్పన్న నిరాహార దీక్ష" అని ఒక గొంతు, "వర్ధిల్లాలి" అని మిగతావన్నీ.

"ముందు వాళ్ళకే చెప్పానన్నా. తరవాతే మేనేజరుకి."

 నిప్పన్న ఒంట్లో చీపురు పట్టుకున్నవాడు గుమ్మంలో అడుగుపెట్టాడు.

*

గేటు పక్కన షెడ్డు కింద బ్రెడ్డు ట్రేలు బోర్లించి, పైన గోనెసంచులు పరిచి, వేదిక కట్టారు. నిప్పన్నను దాని మీద కూర్చోబెట్టారు. చోటు ఎంపిక చేసింది మైకే. రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడాలని. భట్టీ గొట్టం మూతి కూడా సరిగ్గా అటే ఉంది. కాలుతున్న రొట్టెల కమ్మటి వాసన ఎటూ పోకుండా వచ్చి నిప్పన్న ముక్కు దగ్గరే ఆగుతోంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిన్నాడా, బెల్లూ పోతుంది, పరువూ పోతుంది. యూనియన్ ప్రెసిడెంటు దీక్షకు కూర్చుని పావుగంటకే అన్నం తిన్నాడని ఊరంతా చెప్పుకుంటుంది. తినలేదా, మనిషే పోతాడు. నిజం చెప్పాడా, గోడౌను. ఎలకలు.

అరచేతులు చెమర్చాయి. ఆకలి కూడా మామూలు ఆకలిలా లేదు. ఎదురుగా నిలబడ్డవాడి చొక్కా గుండీలు బిస్కెట్లలా కనబడుతున్నాయి.

"బాత్రూముకెళ్ళొస్తా," అని లేచాడు. దారిలో క్యాంటీన్ ఉంది. క్యాంటీన్ వెనక గుమ్మం ఉంది. గుమ్మం లోపల గుడ్లున్నాయి. లెక్క కుదిరింది.

"పద అన్నా, నేనూ వస్తా," అన్నాడు మైకు. ఆ వెనకే ఇద్దరు బలమైన వాళ్ళు బయలుదేరారు.

"వీళ్ళెందుకు?"

"కాపలా. దారిలో ఎవడన్నా నీ నోట్లో ఏదన్నా కుక్కితే? రేపు 'నిప్పన్న చాటుగా తిన్నాడు' అని పుకారు పుట్టిస్తారు. నీ నోటికి నాదీ పూచీ."

నలుగురూ కలిసి వెళ్ళారు, నలుగురూ కలిసి వచ్చారు. క్యాంటీన్ గుమ్మం దాటేటప్పుడు నిప్పన్న అడుగు కాస్త తడబడింది. "దుఃఖం," అన్నాడు మైకు కాపలావాళ్ళతో, గొంతు తగ్గించి.

తిరిగొచ్చేసరికి మేనేజరు షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి కంగారుగా ఉన్నాడు. ఫ్యాక్టరీ ఆవరణలో ఎవరైనా స్పృహ తప్పి పడితే హెడ్డాఫీసు ముందు అడిగేది ఆయన్నే. వీపు వెనక దాచిన చెయ్యి మెల్లగా ముందుకు తెచ్చాడు. అందులో బన్ను.

"ఒక్క ముక్క తినవయ్యా. ఎవరితోనూ అనను. నీ మొహం చూస్తే నాకేదో అనుమానంగా ఉంది. చెమటలు చూడు."

నిప్పన్న చెయ్యి దానంతట అదే లేచింది. వేళ్ళు బన్నుకు తగిలాయి. మెత్తగా ఉంది. ఇంకా వేడి ఆరలేదు.

మైకు మధ్యలో దూరి బన్ను లాక్కున్నాడు. చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు.

"చూశారా. ఒక్క బన్నుకి మా నాయకుణ్ణి కొనాలని చూస్తున్నారు."

విసిరాడు. బన్ను ప్రహరీగోడ దాటింది. నిప్పన్న కళ్ళు దాని వెంటే గోడ దాకా వెళ్ళి, గోడ ఎక్కలేక ఆగిపోయాయి.

"ఆ చూపు చూడండి," అన్నాడు మైకు జనంతో. "ఎంత అసహ్యమో బన్నంటే."

నిప్పన్న చేతులు వణకడం మొదలుపెట్టాయి. దాచుకుందామని పిడికిళ్ళు బిగించాడు. పిడికిళ్ళు కూడా వణికాయి. కోపంతో ఊగిపోతున్నాడని జనం ఇంకా గట్టిగా అరిచారు. అందులో కొంత నిజం ఉంది. ఆ నిమిషాన మైకు పీక ఆయనకు చాలా దగ్గరగా, చాలా అనువుగా కనబడింది.

జేబులో ఫోను మోగింది. భార్య. అదే ఫ్యాక్టరీలో, ప్యాకింగు సెక్షనులో పని. ఆ సెక్షను ఆవరణకు అటు చివర, అద్దాల గదిలో ఉంటుంది. బయటి గోల లోపలికి వినబడటానికి కాస్త సమయం పడుతుంది.

"ఏవండీ, ఇక్కడేదో అంటున్నారు. మీరు దీక్షకు కూర్చున్నారంట."

"ఊఁ."

"మాత్ర వేసుకోలేదుగా?"

నిప్పన్న లోపలి జేబు తడుముకున్నాడు.

"వేసుకున్నారా?"

"ఊఁ."

"తిన్నారా?"

"ఊఁహూఁ."

 అవతల ఏదో లోహపు డబ్బా మూత పడిన చప్పుడు. "కూర్చున్నచోటు నుంచి కదలకండి," అంది ఆమె.

మైకు ఫోను అందుకున్నాడు. "వదినా, నువ్వు గర్వపడాలి. అన్న చరిత్రలో..."

అక్కడితో ఆగాడు. వింటున్నాడు. మెల్లగా ఫోను చెవికి దూరంగా జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. "వదినకు బాధగా ఉన్నట్టుంది," అని చెప్పి ఫోను తిరిగి ఇచ్చేశాడు. చెవి ఎర్రబడింది.

*

జనం ఉపన్యాసం కావాలన్నారు. మైకు మైకు అందించాడు.

నిప్పన్న లేచి నిలబడ్డాడు. జనం ఇందాకటికంటే రెట్టింపు కనబడ్డారు. ఒక్కొక్కరి పక్కనా వాళ్ళే ఇంకొకరు. మాట్లాడితే సమయం గడుస్తుంది, ఈలోగా ఆమె వస్తుంది అనుకున్నాడు. నోరు తెరిచాడు.

"సోదరులారా. ఐక్యత అంటే ఏమిటి? బాగా పొంగిన పిండి లాంటిది ఐక్యత. ఎంత పిసికితే అంత గట్టిపడుతుంది."

చప్పట్లు పడ్డాయి. బాగానే మొదలైంది.

"ఈ యాజమాన్యం మనల్ని ఏమనుకుంటోంది? ఉడికించిన గుడ్డనుకుంటోంది. పెంకు ఒలుస్తోంది. నెమ్మదిగా, చితకకుండా ఒలుస్తోంది. ఒలిచి మధ్యకి కోసింది. లోపల పచ్చసొన ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద ఇంత ఉప్పు, ఇంత మిరియాల పొడి..."

జనం సద్దుమణిగారు. అక్కడక్కడ గుటకలు వినబడ్డాయి.

"మన హక్కు ఎక్కడికి పోయింది? వేడి అన్నంలో వేసిన వెన్న ఎక్కడికి పోతుంది? అక్కడికే పోయింది. కరిగింది. అంచుల దాకా జారింది. అప్పుడు, ఆ అంచున, కూర నంజుకుని..."

"అన్నా, ఆపన్నా," అని వెనక నుంచి ఎవరో వేడుకున్నారు. "కడుపు కాలిపోతోంది."

నిప్పన్న ఆపాడు. ఆపాలని కాదు. తరవాతి మాట దొరకలేదు. నాలుక మందంగా ఉంది. మోకాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. చీపురువాడు ముందుగదులు ముగించి వంటింట్లోకొచ్చాడు. నిప్పన్న ట్రేల మీద చతికిలబడ్డాడు.

జనం మధ్యలో దారి చీలింది. ప్యాకింగు టోపీ, చేతి తొడుగులు ఇంకా తియ్యకుండానే నిప్పన్న భార్య వస్తోంది, ఫ్యాక్టరీ అంతటికీ వదిన. ఒక చేతిలో అన్నం డబ్బా, ఇంకో చేతిలో నీళ్ళ సీసా. పరిగెత్తడం లేదు కానీ, ఆ నడకకు అడ్డం రావాలని ఎవరికీ అనిపించలేదు. ఒక్క మైకుకు తప్ప.

"వదినా, డబ్బా లోపలికి రాకూడదు. దీక్ష."

"నీళ్ళు తాగొచ్చా?"

మైకు ఆలోచించాడు. "నీళ్ళు తాగొచ్చు."

"అయితే జరుగు."

సీసా నిప్పన్న నోటికి అందించింది. అందులో సగం నీళ్ళు, సగం చక్కెర. అద్దాల గది పక్కనే బన్నుల మీద అద్దే చక్కెర డబ్బాలుంటాయి. వాటిలో ఒకదాన్ని దాదాపు ఖాళీ చేసి వచ్చింది.

"నిప్పన్న మంచినీళ్ళు మాత్రమే పుచ్చుకుంటున్నారు," అని మైకు ప్రకటించాడు. చప్పట్లు.

నిప్పన్న గటగటా తాగాడు. ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ తాగాడు. లోకంలో ఇంత గొప్ప మంచినీళ్ళు ఉన్నాయని ఆయనకు తెలియదు. ఆమె పక్కన కూర్చుని, టోపీ తీసి దానితో విసురుతూ, పెదవులు కదలకుండా మాట్లాడింది.

"మీకసలు బుర్రుందా?"

"నేనేం చేశానే. బాత్రూములో ఉన్నాను."

"బాత్రూములో ఉండగా దీక్షకు కూర్చున్న నాయకుడు మీరొక్కరే అయుంటారు."

కాసేపటికి జనం ఒక్కొక్కరుగా మిగిలారు. పక్కన నిలబడ్డ రెండో మనుషులు మాయమయ్యారు. వణుకు తగ్గింది.

"ఇప్పుడు వినండి," అంది ఆమె. "ఈ చక్కెరతో కాసింత సమయం దొరికింది, అంతే. లోపల మాత్ర అలాగే ఉంది. అన్నం పడాలి. మీ పరువు పోకూడదంటే చెప్పండి, కళ్ళు తిరిగాయని లోపలికి తీసుకెళ్ళి తినిపిస్తా. నోరు తుడుచుకుని వచ్చి మళ్ళీ కూర్చోవచ్చు. రేపూ అలాగే చెయ్యొచ్చు, ఎల్లుండీ చెయ్యొచ్చు. నాకేం, వండి తెస్తా."

మంచి ఉపాయం. నిప్పన్నకు నచ్చింది. లేవబోయాడు కూడా.

"కానీ ఒకటి అడుగుతా," అంది. "వేళకు తిండి కావాలని కదా మీ గొడవ. దానికి తిండి మానేసి కూర్చోవడమేంటి? మూడు రోజులు తినకుండా మీరు గుండ్రాయిలా కూర్చున్నారనుకోండి. 'చూశారా, మూడు రోజులు ఆగినవాళ్ళు గంట ఆగలేరా' అని మేనేజరు అనడూ?"

లేవబోయిన నిప్పన్న మళ్ళీ కూర్చున్నాడు. నాలుగు వందల మందిలో ఎవరికీ తట్టని ముక్క ఇది. తనకూ తట్టలేదు. మైకుకు తట్టే ప్రమాదం ఎలాగూ లేదు.

తలెత్తి చూశాడు. జనం ఎండిపోయిన మొహాలతో తనవైపే చూస్తున్నారు. ఎవరూ తినలేదు. నాయకుడు పస్తుంటే తామెలా తింటామని అందరి డబ్బాలూ మూసే ఉన్నాయి. ఇందాకటి పచ్చసొన ఇంకా వాళ్ళ కళ్ళలో ఉంది.

లోపలికి పోతే గుట్టు నిలుస్తుంది. ఇక్కడే తింటే గోడౌను.

"మైకు ఇలా ఇవ్వు," అన్నాడు.

"అన్నా, మళ్ళీ తిండి గురించేనా?" అన్నాడు మైకు భయంగా.

"తిండి గురించే."

లేచి నిలబడలేదు. కూర్చునే మాట్లాడాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడత విప్పి, మాత్రల అట్ట పైకెత్తి చూపించాడు.

"నాకు షుగరుంది. ఏడాదైంది. ఈ మాత్ర తినబోయే ముందు వేసుకోవాలి. వేసుకుంటే తిని తీరాలి. తినకపోతే ఏమవుతుందో ఇప్పుడు మీరంతా చూశారు. ఉద్యమం అనుకున్నారు. కాదు, ఇదీ."

 పై వరండాలోకి తిరిగి చేరిన మేనేజరు ముందుకు వంగాడు.

"గంట ఆలస్యంగా తింటే ప్రాణం పోతుందా అని అడిగారు. కొందరికి పోతుంది. నాలాగా చెప్పకుండా దాచుకున్నవాళ్ళు మీలో ఇంకెందరున్నారో నాకు తెలియదు. కాబట్టి నేను తినకుండా కూర్చోను. తింటూ కూర్చుంటాను. వేళయింది."

ఆమె డబ్బా మూత తీసింది. అన్నం, కూర, ఒక పక్క ఉడికించిన గుడ్డు. నిప్పన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

నాలుగు వందల మంది ఆ ముద్ద వైపు చూశారు. మైకు నోరు తెరిచే ఉంది, మాట రావడం లేదు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. ముద్ద నమిలిన చప్పుడు లౌడ్‌స్పీకర్లోంచి ఆవరణంతా వినబడింది, ఎందుకంటే చేతిలోని మైకు కట్టెయ్యడం నిప్పన్న మరిచిపోయాడు.

ముందు కదిలింది ప్యాకింగు ఆడవాళ్ళు. "ఆయన తింటుంటే మనం చూస్తూ నిలబడటమేంటే" అని ఒకావిడ నేల మీద కూర్చుని డబ్బా విప్పింది. ఆ పక్కావిడా విప్పింది. మూతలు టపటపా తెరుచుకోవడం గేటు దగ్గర మొదలై భట్టీ దాకా పాకింది. లోపల లైను మీదున్న వాళ్ళు కిటికీల్లోంచి చూశారు. ఎవరో ఎర్ర బటను నొక్కారు. లైను ఆగింది. వాళ్ళూ డబ్బాలు పట్టుకుని బయటికొచ్చారు.

మైకు అటూ ఇటూ చూశాడు. "అన్నా, దీన్ని ఏమని ప్రకటించను?"

"భోజనం అని ప్రకటించు."

*

వాసన ముందు తెలిసింది నిప్పన్నకే. నోట్లో ముద్ద ఆగిపోయింది. భట్టీ గొట్టంలోంచి వస్తున్న కమ్మదనం అడుగున ఒక చేదు తగిలింది. లైను ఆపినవాడు భట్టీలో రొట్టెలున్న సంగతి మరిచాడు.

రెండో నిమిషానికి మేనేజరుకూ తెలిసింది. మెట్లన్నీ దిగకుండానే ఆవరణలో ఉన్నాడు.

"భట్టీలో రొట్టెలున్నాయయ్యా. ఎవరో ఒకరు లేవండి."

"తింటున్నాం సార్," అన్నాడు భట్టీ రెండో మేస్త్రి, వేళ్ళు నాక్కుంటూ. "కాస్త ఆగండి."

"ఆగితే మాడిపోవూ? దాని వేళకు దాన్ని తియ్యాలి. అదేమన్నా మనకోసం ఆగుతుందా?"

అనేశాక ఆయనే ఆగిపోయాడు.  నాలుగు వందల మంది నములుతూ ఆయన్నే చూశారు.

"సార్," అంది వదిన మర్యాదగా, "ఆ మాటే ఇంకోసారి మైకులో చెప్తారా?"

మేనేజరు గొట్టం వైపు చూశాడు. పొగ నల్లబడింది. నిప్పన్న వైపు చూశాడు. ఆయన పెదవి మీద మెతుకు, కళ్ళల్లో రొట్టెల మీది బెంగ.

"బెల్లు పెట్టిస్తా," అన్నాడు మేనేజరు. "రేపటి నుంచి. రాసిస్తా. ముందు వెళ్ళి తియ్యండయ్యా."

నిప్పన్న ఎగిరి లేచాడు. వదిన చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"ఇంకా సగం ఉంది."

"రొట్టెలు మాడుతున్నాయే."

"ఇందాక మీరూ మాడారు. కూర్చోండి."

రెండో మేస్త్రి పరిగెత్తాడు. నిండు నోటితో నిప్పన్న వెనక నుంచి అరిచిన సలహాలు ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజు మొదటి వరసల రొట్టెలు పోయాయి, వెనకవి దక్కాయి.

అన్నం అయ్యాక చెయ్యి కడుక్కుని నిప్పన్న తనే మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. అడగక తప్పదు.

"గోడౌనేనా సార్?"

"రూలు ప్రకారం అంతే." మేనేజరు తల గోక్కున్నాడు. ఆవరణలో మూతలు పెట్టుకుంటున్న జనాన్ని చూశాడు. "కానీ నిన్ను అక్కడికి పంపితే వీళ్ళు మళ్ళీ భోజనానికి కూర్చుంటారు. కంపెనీ డాక్టరుకి చూపించుకో. ఆయన సరేనంటే భట్టీ దగ్గరే ఉండు. ఒంటరిగా మాత్రం వద్దు. పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి."

"ఉంటారు సార్," అన్నాడు నిప్పన్న తేలిగ్గా. ఆ మాట ఎక్కడిదాకా పోతుందో అప్పుడాయనకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం బెల్లు మోగింది. లైను ఆగింది. నిప్పన్న కుళాయి దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ గోడవైపు తిరిగి, మాత్ర నోట్లో వేసుకున్నాడు. ఆవరణలో లౌడ్‌స్పీకరు గరగరలాడింది.

"నిప్పన్న మాత్ర వేసుకున్నారు," అంది మైకు గొంతు. "అందరూ దారి ఇవ్వాలి. క్యాంటీన్ దగ్గర ఎవరూ అన్నను మాటల్లో పెట్టకూడదు."

దారి పొడుగునా జనం పక్కకి తప్పుకున్నారు. "వేసుకున్నావా అన్నా?" అని ఒకడు. "ఇక తిను, ఆగకు" అని ఒకావిడ. గేటు దగ్గర వాచ్‌మన్ గడియారం చూపించి తల ఊపాడు. భట్టీ రెండో మేస్త్రి పీట వేశాడు. క్యాంటీన్ అక్క గుడ్లు రెండు తెచ్చి కంచంలో పెట్టి, తినేదాకా కదలనన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

నిప్పన్న భార్య వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ నీ ఒక్కదానికి జవాబు చెప్తే సరిపోయేది. ఇప్పుడు నాలుగు వందల మంది పెళ్ళాలయ్యారు. దీనికన్నా గోడౌనే నయమే."

"మొదటి ముద్ద ఇంకా పెట్టలేదు," అని ప్రకటించింది లౌడ్‌స్పీకరు, కాస్త ఆదుర్దాగా.

"తినండి," అంది ఆమె. "వాడు చెప్పడానికి ఎదురుచూస్తున్నాడు."